వంశవృక్షానికో దూదిపుల్ల

"బుగ్గలు గీకడం అయిందిగా, ఇక కాఫీ తెస్తావా?" అన్నారు మామగారు.

ఆదివారం పొద్దున్నే ఆయన్నీ ఆయన తమ్ముణ్ణీ హాల్లో కూర్చోబెట్టి, నోళ్ళు తెరిపించి, దూది చుట్టిన పుల్లతో బుగ్గల లోపల గీకి, ఆ పుల్లల్ని గొట్టాల్లో వేసి మూతలు బిగించింది కోడలు. పరీక్షకి ముందు అరగంట సేపు ఏమీ తినకూడదు, తాగకూడదు. అందుకే కాఫీ ఆలస్యమైంది. పరీక్ష కావాలని పట్టుబట్టింది మామగారు, ఆలస్యం చేసిన పాపం మాత్రం కోడలిది.

"ఇన్నాళ్ళకి మా ఆవిడ చదువు ఇంటికి పనికొచ్చింది నాన్నా" అని భర్త పేపరు చాటునుంచి నవ్వాడు.

ఆమె డాక్టరేటు చేసింది. ఆమె పనిచేసే ల్యాబులో ఈ ప్రాంతపు జనం మూలాలు వెతుకుతారు, అదీ మగవాళ్ళ వైపునుంచే. తండ్రినుంచి కొడుక్కి, కొడుకునుంచి మనవడికి దాదాపు మారకుండా దిగే ఒక ముక్క మగవాళ్ళ ఒంట్లో ఉంటుంది. దాన్ని పట్టుకుని వెనక్కి నడిస్తే ఎవరి తాతముత్తాతలు ఎవరికి చుట్టాలో తెలుస్తుంది. నమూనాల కోసం ఇల్లిల్లూ తిరగాల్సి వస్తే ప్రొఫెసర్ ఆమెనే పంపేవాడు. "ఆడవాళ్ళయితే తలుపు తీస్తారమ్మా" అనేవాడు. నిజంగానే ప్రతి ఇంట్లోనూ తలుపు తీసేది ఆడవాళ్ళే. మంచినీళ్ళిచ్చి, మామగారి తాత ఎటునుంచి వలస వచ్చాడో గుర్తు చేసుకుని చెప్పి, విసుక్కుంటున్న మొగుణ్ణి బతిమాలి నోరు తెరిపించేదీ వాళ్ళే. అంతా అయ్యాక చెయ్యి తుడుచుకుంటూ "మరి నాది వద్దామ్మా?" అని అడిగేవాళ్ళు. వద్దండీ, మీలో ఆ ముక్క ఉండదు అని చెప్పాలంటే ఆమెకి నోరు చేదుగా ఉండేది. తల్లుల వైపునుంచి కూడా వెతకొచ్చు కదా సార్ అని ఒకసారి అడిగింది. "అది వేరే కథమ్మా, మన కథ కాదు" అన్నాడాయన, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

ఇంటికొస్తే ఇక్కడా అదే కథ. రిటైరైన దగ్గర్నుంచీ మామగారు వంశవృక్షం గీస్తున్నారు. హాలు గోడ సగం అదే. అంతా మగపేర్లు. అత్తయ్యగారి పేరేదని కొత్తలో ఆమె అమాయకంగా అడిగితే ఆయన ముచ్చటగా నవ్వారు. "ఆడవాళ్ళు ఆకుల్లాంటివాళ్ళమ్మాయ్. వస్తుంటారు, రాలుతుంటారు. చెట్టుకి కొమ్మలే లెక్క." మూడు పూటలా వండి పెట్టే ఆకు వంటింట్లో ఆ మాట విని గిన్నెలు కాస్త గట్టిగా కింద పెట్టింది.

ఇప్పుడు దాన్ని పుస్తకంగా అచ్చు వేయిస్తారట. మొదటి పేజీలో అన్నదమ్ములిద్దరిదీ ఒకటే రక్తమని సైన్సు ముద్ర కావాలట. సొంతవాళ్ళ నమూనాలు ల్యాబులో పెట్టకూడదని ఆమె మొత్తుకుంది. "ఇంటి పనికి కూడా రూల్సేంటి?" అన్నాడు భర్త. వారం రోజుల మూతి ముడుపుల తర్వాత ఆమే ఒప్పుకుంది. ఎప్పుడూ ఒప్పుకునేది ఆమే.

తీరా ఫలితం చూస్తే అన్నదీ తమ్ముడిదీ కలవలేదు. తను పొరపాటు చేసిందేమోనని మళ్ళీ మొదటినుంచీ చేసింది. మళ్ళీ అదే. ఇద్దరూ ఒక తండ్రి కొడుకులు కారు.

నమూనాలు పాడైపోయాయని ఇంట్లో చెప్పింది. "నేను అనుకుంటూనే ఉన్నాను, నీ చేతి పని అంతే" అన్నారు మామగారు. ఆ మాటైతే పడి ఊరుకునేది. కానీ భర్త ఆమె ల్యాప్‌టాప్ తెరిచాడు. అడిగి తెరవాలని అతనికి ఏనాడూ తోచలేదు. చదివి, తిన్నగా తండ్రి దగ్గరికి వెళ్ళి చెప్పేశాడు. "సైన్సు కదా, దాచడమేంటి?" అని ఎదురు ఆమెనే నిలదీశాడు.

మామగారు లేచి, గోడమీదున్న తన తల్లి ఫోటో దించి అల్మారా వెనక పడేశారు. "మా అమ్మ ఇలాంటి మనిషా! వీణ్ణి ఎక్కణ్ణించి తెచ్చి మా నాన్న నెత్తిన పెట్టింది?" అన్నారు. కన్నతల్లిని అంత మాట అనడానికి ఆయనకి ఎంతోసేపు పట్టలేదు. చచ్చిపోయిన మనిషి, నోరు లేదు, సంజాయిషీ ఇచ్చుకోలేదు. ఇద్దరికీ తేడా ఉందనే కదా ఫలితం చెప్పింది, ఆ తేడా ఎవరిలోనో చెప్పలేదే! తనే పరాయివాణ్ణి కావచ్చన్న అనుమానం ఆయనకి కలలో కూడా రాలేదు. తప్పు తల్లిది, పరాయి రక్తం తమ్ముడిది, వంశం తనది. కోడలికి ఒళ్ళు మండిపోయింది.

చినమామగారు బస్సు డ్రైవరుగా రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు, మేడమీద గదిలో ఉంటారు. రెండు రోజులుగా ఆయన కిందికి దిగలేదు. కోడలు కంచం పట్టుకెళ్తే పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది. "మా అమ్మ అలాంటిది కాదమ్మా. చదువుకున్నదానివి, నువ్వన్నా చెప్పు అన్నయ్యకి" అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

ఆ కంచం సింకులో పడేసి నిలబడితే అత్తగారు వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

"నీ మిషను తప్పు చెప్పలేదమ్మా. మీ మామగారే తప్పు చదువుకున్నారు. మా అత్తగారు మంచాన పడ్డప్పుడు నీళ్ళు పోసింది నేనే. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని చెప్పింది, పెద్దోడు నా కడుపున పుట్టలేదమ్మా, నా ఒళ్ళో పడ్డాడు అని. ఆవిడ కాపురానికొచ్చేసరికి ఈ ఇంటి ఆడపిల్లకి పెళ్ళి కాకుండానే నెల తప్పిందట. మీ మామగారి మేనత్త. ఇంటి పరువు కోసం ఈ కొత్తకోడలు పొట్టకి గుడ్డలు చుట్టుకుని వీధంతా తిరిగింది. వదినా ఆడబిడ్డా కలిసి వేరే ఊరు వెళ్ళారు. బిడ్డని కన్న ఆ పిల్ల కాన్పులోనే పోయింది. ఈవిడ బిడ్డనెత్తుకుని తిరిగొచ్చింది. చిన్నోడు ఆ తర్వాత సొంతంగా పుట్టినవాడు."

కోడలు మనసులో లెక్క వేసుకుంది. ఆ లెక్కన అసలు వంశం మేడమీద అన్నం మానేసి ఏడుస్తోంది. గోడమీది చెట్టు గీసిన పెద్దమనిషిలో ఆ ఇంటి రక్తం ఉందంటే, అది ఆయన రాలిపోతుందన్న ఒక ఆకు ఇచ్చిందే. మగవాళ్ళ ముక్కని వెతికే పరీక్షకి ఆ పిల్ల కనబడనే కనబడదు. పరువు నిలబెట్టిన మనిషేమో అల్మారా వెనక దుమ్ములో ఉంది.

"ఇన్నేళ్ళు ఎలా దాచారు అత్తయ్యా? ఆకులంటూ, కొమ్మలంటూ మిమ్మల్ని అన్నన్ని మాటలన్నా?"

"చెప్తే ఆయన విరిగిపోతాడనుకున్నాను. ఇప్పుడు తమ్ముణ్ణి విరిచేస్తున్నాడు. చెప్పమనీ అనను, వద్దనీ అనను. మోసీ మోసీ నాకు చేతులు నొప్పెడుతున్నాయి."

కోడలికి మొదట ఎగిరి గంతెయ్యాలనిపించింది. వెళ్ళి హాలు మధ్యలో నిలబడి ఒక్క మాట అనేస్తే చాలు, పెళ్ళైన నాటినుంచి పడ్డవన్నీ వడ్డీతో తీరిపోతాయి. ఆ సంతోషానికి తనకే సిగ్గేసింది. ఆయన్ని దెబ్బకొట్టడానికైతే చెప్పకూడదు అనుకుంది. కానీ చెప్పకపోతే ఒక ముసలాయన ఆకలితో పోయేలా ఉన్నాడు, ఒక తల్లి రంకుటాలిగా అచ్చులోకి ఎక్కేలా ఉంది.

సాయంత్రం మామగారే కాగితమూ పెన్నూ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చారు.

"అమ్మాయ్, వాడు మా వంశం కాదని నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టు. పుస్తకంలో వేస్తాను. పేరు ముందు డాక్టరని కూడా వేయిస్తాను. మా పుస్తకంలో పడే మొదటి ఆడపేరు నీదే, తెలుసా?"

ఒక ఆడదాన్ని బురదలో తొక్కి ఇంకో ఆడదానికి పీట వేస్తున్నారు. ఆమె అత్తగారి వైపు చూసింది. గట్టు తుడుస్తున్న చెయ్యి ఆగింది గాని ఆవిడ వెనక్కి తిరగలేదు. ఆమె కాగితం అందుకుంది.

"రాస్తాను మామయ్యగారూ. ముందు నాకొక పేరు కావాలి. మీ మేనత్తగారు ఉండేవారట కదా, చిన్న వయసులోనే పోయారట. ఆవిడ పేరేమిటి?"

"ఆవిడెందుకిప్పుడు? నాకు ఊహ తెలియకముందే పోయింది. ఏదో ఉండేది పేరు... పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, ఆవిడ పేరుతో వంశానికేం పని?"

ఆమె ఖాళీ కాగితాన్ని ఆయన చేతిలో తిరిగి పెట్టింది.

"మేడమీదికెళ్ళి మీ తమ్ముడి కాళ్ళు పట్టుకుని అడగండి, ఆయనకి తెలుసేమో. కన్నతల్లి పేరు తెలియకుండా మీరు వంశం పుస్తకం అచ్చు వేయిస్తే బాగుండదు మామయ్యగారూ."