ఆరు మిల్లీమీటర్ల పాండిత్యం

2021 డిసెంబరు తొమ్మిది, గురువారం, ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. చిట్యాలలో ఉష్ణోగ్రత పందొమ్మిది డిగ్రీలు. గాలి లేదు. హైవే మీది పొగమంచు అప్పుడే విడిపోయింది. చెన్నయ్య లేత్ షాపు ముందు ఇటుకల మీద ఎత్తిపెట్టిన నాలుగు చక్రాల బండి చుట్టూ పదకొండు మందిమి నిలబడి ఉన్నాము. పన్నెండవ మనిషి ఎల్లయ్య తన డీసీఎం వ్యాను దిగకుండా, తలుపు తెరిచి, కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చున్నాడు. బండి బాగుపడితే సరే, లేకపోతే తన బావ పర్వతాలుకున్న గొర్రెలను ఇరవై ఎనిమిదింటినీ తన ఊరు ఆలేరుకు తీసుకుపోవడానికి వచ్చాడు.

ఇందుకు దారితీసిన కారణాలను వరుసగా చెప్పాలి. వాటిలో చివరిది నేను.

అప్పటికి రెండేళ్ళ క్రితం పర్వతాలు మోటారుసైకిల్ మీద నుంచి పడ్డాడు. విరిగిన తుంటి అతికింది గాని వంకరగా అతికింది. ఊరి చుట్టూ వరి, పత్తి. మేపు మిగిలింది గుట్ట మీదే. గుట్ట ఎక్కలేనివాడికి మంద నిలవదు. అందుకని హైవే పక్కన మూతపడిన ఒక వినోదాల పార్కు నుంచి పాత క్వాడ్ బైకు, అంటే ఈ నాలుగు చక్రాల బండి, తెచ్చుకున్నాడు. అది సగం గుట్ట ఎక్కి, రొప్పి, ఆగిపోయేది. వెనక చైను తిప్పే పళ్ళ చక్రం మార్చినా అంతే.

అతని భార్య సత్తమ్మ మా వీధి మలుపులో కూరగాయలు అమ్ముతుంది. ఈ సంగతి నాతో చెప్పింది; చెప్పింది అంతే, ఏమీ అడగలేదు. డిగ్రీ కళాశాలలో ముప్పై ఒక్క ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషికి అడగని ప్రశ్నకు జవాబిచ్చే జబ్బు ఉంటుంది. మరునాడే చెన్నయ్య షాపుకు వెళ్ళాను.

సిలిండరు గోడ అప్పటికే పలచబడింది; ఇంకా వెడల్పు చేయడానికి వీలు లేదు. వెడల్పు పెంచలేని గిన్నెలో ఎక్కువ పట్టాలంటే లోతు పెంచాలి. ఇంజిన్‌లో ఆ లోతు పేరు స్ట్రోక్: పిస్టన్ కిందికీ పైకీ తిరిగే దూరం. నేను షాపు షట్టరు మీద సుద్దముక్కతో లెక్క వేశాను. స్ట్రోక్ నలభై తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు ఉంటే ఇంజిన్ నూట ఏడు సీసీ. ఆరు మిల్లీమీటర్లు పెంచితే నూట ఇరవై. పెరిగిన ఆరులో సగం పైన, సగం కింద. కాబట్టి పిస్టన్ మూడు మిల్లీమీటర్లు పైకి వస్తుంది, అది సిలిండరు పైమూతకు, అంటే హెడ్‌కు, తగలకుండా సిలిండరు కింద మూడు మిల్లీమీటర్ల పలక వేయాలి. ఇంతవరకు తప్పు లేదు. టీ తాగడానికి వచ్చినవాళ్ళు కూడా విన్నారు. నాకు మళ్ళీ తరగతి దొరికింది.

చెన్నయ్య తల గోక్కున్నాడు. "మేడం, స్ట్రోక్ ఆరు పెరగాల్నా, క్రాంక్ పిన్ను ఆరు జరగాల్నా? జర ఖుల్లా చెప్పుండ్రి."

"రెండూ ఒకటే కదయ్యా," అన్నాను. "ఆరు అంటే ఆరే."

రెండూ ఒకటి కావు. పిస్టన్ కడ్డీని పట్టుకుని క్రాంకు ఇరుసు చుట్టూ పిన్ను తిరిగే వృత్తానికి వ్యాసం స్ట్రోక్. పిన్ను జరిగేది వ్యాసార్థం మీద. పిన్ను మూడు జరిగితే స్ట్రోక్ ఆరు పెరుగుతుంది. వ్యాసానికీ వ్యాసార్థానికీ తేడా తెలియని పిల్లలకు ముప్పై ఒక్క ఏళ్ళు మార్కులు కోసిన చేయి నాది. పలక దగ్గర సగం చేసిన నేను, దాని కింది పంక్తిలో సగం చేయలేదు. చెన్నయ్య నా మాట మీద గౌరవంతో పిన్నును ఆరు జరిపాడు.

ఆ గురువారం అతడు క్రాంకును చేత్తో తిప్పాడు. ఒకచోట ఆగింది.

"ఏదో తట్టుతాంది మేడం."

"కొత్త రింగులు, బిగుతుగానే ఉంటాయి. కిక్ కొట్టించు."

పర్వతాలు మంచి కాలితో కొట్టాడు. లోపల టక్కుమంది. కిక్ రాడ్ వెనక్కి తన్ని అతని చెప్పు ఎగిరి వ్యాను కింద పడింది.

"పేరేమో పర్వతాలు, గుట్ట ఎక్కుడేమో గిట్ల," అన్నాడు ఎల్లయ్య. "దొడ్డి తలుపు తియ్యి బావా. అరే చెన్నయ్యా, లేత్ మీద పని చేసినవా, రోకలి దంచినవా?"

చెన్నయ్య స్పానరు అందుకున్నాడు. హెడ్ విప్పి, వంగిన వాల్వును అరచేతిలో పెట్టుకుని చూశాడు. షట్టరు మీద నా అక్షరాలు ఇంకా ఉన్నాయి. అప్పటికి నాకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా కొంతసేపు ఊరుకున్నాను. ఆ కొంతసేపు ఎంతో ఇక్కడ రాయను, నాకు కచ్చితంగా తెలిసినప్పటికీ. ఆ లోపల ఎల్లయ్య చెన్నయ్యను ఇంకో రెండు మాటలన్నాడు. రెండోది అతని తండ్రి పనితనం గురించి.

"తప్పు అతనిది కాదు," అన్నాను. "అతను అడిగాడు. నేనే వినలేదు. మూడు అనాల్సింది, ఆరు అన్నాను."

ఎల్లయ్య వ్యాను దిగాడు. "సదువుకున్నోళ్ళు గిట్ల ఒప్పుకునుడు నేను ఇయ్యాల్నే చూసిన. డీజిలు ఖర్చు ఎల్లింది పో."

"ఇప్పుడేం జేద్దాం మేడం?" అన్నాడు పర్వతాలు. అప్పుడు కూడా నన్నే అడిగాడు. నేను చెన్నయ్య వైపు చూశాను.

"పిన్ను ఎట్లాగు ఆరు జరిగింది," అన్నాడు చెన్నయ్య నెమ్మదిగా. "జరిగినకాడ్నే ఉండనీ. సిలిండరు కింద ఇంకో మూడు మిల్లీల పలక ఏస్త. వాల్వులు నడిపే చైను రెండు లింకులు పెద్దది తెస్త. పిస్టన్ కింది అంచు జర గీకాలె. వాల్వు నల్లగొండల దొరుకుతది. ఆదివారం దాంక ఆగుండ్రి."

"అన్నా, ఆగు," అంది సత్తమ్మ ఎల్లయ్యతో. "ఆదివారం ఎక్కకుంటే దొడ్డి తలుపు నేనే తీస్త. నువ్వు అడగనక్కరలే."

ఎల్లయ్య ఆగాడు; మూడు రోజులు చెల్లెలి ఇంట్లో తిని, బావను ఎగతాళి చేస్తూ గడిపాడు. నేను ఇంట్లో లెక్క వేశాను: స్ట్రోక్ అరవై ఒకటిన్నర, ఇంజిన్ నూట ముప్పై మూడు సీసీ. నేను పెట్టుకున్న గురికి పదమూడు ఎక్కువ. దీన్ని ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే చెబితే మెచ్చుకుంటారు.

ఆదివారం బండి గుట్ట ఎక్కింది. సీటు అదిరి పర్వతాలుకు పళ్ళు టకటకలాడాయి గాని, ఎక్కడా ఆగలేదు. గొర్రెలు వెనక వెళ్ళాయి. ఎల్లయ్య ఖాళీ వ్యానుతో ఆలేరు పోయాడు. కిందికి దిగివచ్చాక పర్వతాలు నాకు దండం పెట్టబోతే, చెన్నయ్య వైపు తిప్పాను. చెన్నయ్య అప్పటికే షట్టరు తుడుస్తున్నాడు.

ఆ ఇంజిన్ రెండేళ్ళ నాలుగు నెలలు పనిచేసింది. 2024లో నల్లగొండ దవాఖానలో పర్వతాలుకు తుంటి ఆపరేషన్ అయింది; ఇప్పుడు మంద వెనక నడిచే గుట్ట ఎక్కుతున్నాడు.