రేపాకులపాడు గంట

గంట మోగకుండా సాగనంపిన మనిషి పరలోకం చేరతాడా, లేక దారిలో ఎక్కడో కూర్చుని పిలుపు కోసం చూస్తుంటాడా అన్న అనుమానం అమలమ్మను ఏళ్లుగా తొలుస్తూనే ఉంది. ఫాదరుగారిని అడిగితే, "దేవుడికి గంటలతో పనిలేదమ్మా" అన్నారు. మరి కొత్త గుడికి గంట కావాలని ఇంటింటా చందాలెందుకు వేయించారో ఆవిడ అడగలేదు.

ఆ ఉదయం కూడా రేపాకులపాడు ప్లాట్‌ఫారం ఊడుస్తోంది. నడుము ఎప్పుడో వంగిపోయింది. చీపురు కోసం కొత్తగా వంగనక్కరలేదు. స్టేషను మూసేశాక బెజవాడ బండ్లు ఆగకుండా దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఆ దుమ్మే ఊడుస్తుంది. జీతమిచ్చేవాడు లేడు, మాన్పించేవాడూ లేడు. చీరల మూటతో బస్సు కోసం వచ్చే సాలె చౌడేశ్వరమ్మ ఒక్కతే ఆ స్టేషను నీడన కూర్చుంటుంది.

దూలానికి తీగతో వేలాడే రైలుపట్టా ముక్కే స్టేషను గంట. అమలమ్మ పెనిమిటి అంతోని బతికినన్నాళ్లూ దాన్ని కొట్టాడు. అది వింటే కూలీలు కొడవళ్లు మొలలో దోపుకుని బండికి పరిగెత్తేవారు. అతను పోయిననాడు పేటలో గుడీ లేదు, గంటా లేదు. చావుగంట ఒక్కటి కొట్టించమని అమలమ్మ స్టేషన్ మాస్టరు ఆదిశేషయ్యగారి ముందు కూలబడింది.

"ఇప్పుడు కొడితే బండొచ్చిందనుకుని జనం ఎగబడతారమ్మా. సాయంత్రం బండి పోనీ, తప్పకుండా కొట్టిస్తా."

చెడ్డవాడు కాదు. సాయంత్రం బండి ఆలస్యమైంది. శవం ఆగలేదు. తర్వాత ఆయనకు బదిలీ అయింది. ఆపైన స్టేషనే పోయింది. మాట మిగిలింది. గంట సర్కారు వస్తువని భయపడి అమలమ్మ దాని కింద ఊడ్చింది గానీ ఏనాడూ తాకలేదు.

పొద్దెక్కేసరికి లారీ వచ్చింది. హనుమాన్ జంక్షన్ కాంట్రాక్టరు స్టేషను ఇనుమంతా వేలంపాటలో పాడుకున్నాడట. మేస్త్రీ సంజీవరావు నిచ్చెనెక్కి తీగకు పటకారు పెట్టాడు.

"బాబూ, ఒక్కసారి కొట్టనీ."

"లారీలో వేశాక కొట్టుకో మామ్మా, నీ ఇష్టం."

"దించితే అది మోగదయ్యా. వేలాడితేనే మోగుద్ది. రైల్వేవాళ్లు మాటిచ్చారు."

"రైల్వేవాళ్లెక్కడున్నారే! ఇప్పుడిది మా కాంట్రాక్టరుది."

అమలమ్మ చీపురు గోడకు ఆనించింది. "రైల్వేది కానప్పుడు ఇంకెవరినడగాలి?" అంటూ కిటికీ గూట్లోని తుప్పుబోల్టు తీసి, రెండు చేతులా ఎత్తి, కొట్టింది.

సంజీవరావు కేకేయబోయి, ఆవిడ మొహం చూసి, పటకారు వెనక్కి తీసుకున్నాడు.

బండి వచ్చేటప్పటి గబగబ గంట కాదది. ఒక దెబ్బ, ఆ మోత పూర్తిగా చచ్చాక మరో దెబ్బ. దూరాన పొలంలో ఒక ముసలాయన గబుక్కున లేచి నాలుగడుగులు పరిగెత్తి, సిగ్గుపడి ఆగిపోయాడు. చౌడేశ్వరమ్మ మూట వదిలి నిలబడింది.

"ఎవరు పోయారే అమలమ్మా?"

"మా ఆయనండీ."

"ఇప్పుడా!"

"ఇప్పటికి ఆయన బండికి లైను క్లియరిచ్చారండీ."

రేపాకులపాడు స్టేషను అంతోనికి పడ్డ బాకీ అలా తీరింది. తీర్చింది మాత్రం స్టేషను కాదు.

లారీ పోయింది. అమలమ్మ కొంగు దులుపుకుని పేటవైపు నడిచింది. మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. దూలానికి తెగిన తీగ కొస ఊగుతూనే ఉంది. దాని కింద, గోడకు ఆనించి, అరిగిన చీపురు.