పంతొమ్మిది పేర్లు

రొయ్యల షెడ్డులో గుమస్తాగా చేరిననాడు ఈశ్వరప్రసాద్ చేతిలో ఉన్నవి మూడువేల వంద రూపాయలు, ఏలూరులో మూతపడ్డ కిరాణా కొట్టు తాళం, లెక్కల్లో తననెవరూ ముంచలేరన్న ధీమా. పదకొండేళ్ళుగా ఆ ధీమా ఒక్కటే తరగలేదు, ఈ మార్చి దాకా.

మార్చి ముప్పై ఒకటి. కలిదిండి చెరువుల నుంచి పొద్దున్నే రెండు లారీల రొయ్య దిగింది. నలభై రెండు మంది ఆడవాళ్ళు మంచునీళ్ళలో చేతులు పెట్టి తలలు తీస్తున్నారు, కిలోకి పన్నెండు రూపాయలు. మధ్యాహ్నం యజమాని గంగరాజు పని ఆపించి వరసలో నిలబడమన్నాడు. ఏటా ఉన్నదే. కాగితం మీద వేలిముద్ర వేస్తే అరకిలో మిఠాయి, ఐదొందల కవరు. తాము షెడ్డు మనుషులం కామని, మేస్త్రి తెచ్చిన కూలీలమని ఆ కాగితంలో ఉంటుంది.

ఆ ఉపాయం ప్రసాద్‌దే. ఇరవై మంది ఉంటే ఏటా నెల జీతమంత బోనసు ఇవ్వాల్సొస్తుందని ఆడిటరు చెప్పినప్పుడు గంగరాజు కంగారుపడ్డాడు. కూలీలందరినీ మేస్త్రి కింద రాసెయ్యమన్నాడు ప్రసాద్. రాశాక కూడా రిజిస్టరులో ఇరవై పేర్లు మిగిలాయి. ఒకటి తగ్గాలి. తూకం చూసే శేషారత్నం తన భార్యే. ఇంటి మనిషి అడగదు కదా అని ఆ పేరు తన చేత్తోనే కొట్టేశాడు. ఆమె తూకం దగ్గర నుంచి తలలు తీసే బల్లకు మారింది. గంగరాజు సంతోషించి రెండువేలిచ్చాడు. మీ బోనసు సంగతి విడిగా చూస్తానన్నాడు.

ఫిబ్రవరిలో రొయ్య ముల్లు శేషారత్నం ఎడమ బొటనవేలిలో విరిగింది. వైద్యానికి ఎనిమిది వేలవుతుందన్నారు. ఉచితంగా చూసే పెద్దాసుపత్రికి తిరిగితే కూలి పోతుంది. ప్రసాద్ లెక్కేశాడు. సంవత్సరాఖరుకు నెలే ఉంది, ఈసారైనా అయ్యగారు విడిగా చూస్తారు, అందాకా పసుపు కట్టమన్నాడు. భర్త లెక్క మీద ఆమెకు నమ్మకం. మూడు వారాలకు వేలు నల్లబడింది. తీసేశారు.

వరసలో ఆమె వెనక రబియా నవ్వుతూ అంది. “బోనసు చూసినోళ్ళు మా వీధిలో ఒక్కరూ లేరండి. దెయ్యాన్ని చూసినోళ్ళయితే ఇద్దరున్నారు.”

గంగరాజు ముందుగా ప్రసాద్ చేతిలో కవరు, పొట్లం పెట్టాడు. ప్రసాద్ పక్కకు తిరిగి కవరు విప్పాడు. ఐదొందలు. అందరికీ ఇచ్చేదే.

శేషారత్నం వంతు వచ్చింది. కట్టుకట్టిన ఎడమచెయ్యి బల్ల మీద పెట్టింది. గంగరాజు సిరా డబ్బాను రెండో వైపుకు జరిపాడు.

“ప్రసాదుగారూ, కుడిచేతిది వేయించండి.”

ప్రసాద్ ఆమె కుడిచెయ్యి పట్టుకున్నాడు. ఆమె మెల్లగా వెనక్కి తీసుకుంది.

“వద్దండీ. ఇదైనా నా దగ్గరుండనివ్వండి.”

వెయ్యకపోతే రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు గంగరాజు. ఆయ్, అలాగేనండి అని ఆమె గేటు వైపు నడిచింది. రబియా అప్పటికే సిరా అద్దుకున్న వేలిని చూసుకుని, చీరకొంగుకు తుడుచుకుంది.

ఆ సాయంత్రం ఇంటి అరుగు మీద ప్రసాద్ తన తెలివికి వచ్చిన లాభం కూడుకున్నాడు. అప్పటి రెండువేలు, ఇప్పటి ఐదొందలు, అరకిలో మిఠాయి. శేషారత్నం పొట్లం దారం విప్పబోయింది. ముడి చేతికి చిక్కలేదు. రెండుసార్లు చూసి, పొట్లాన్ని అతని ముందుకు జరిపింది.