పీనుగుల దిబ్బ

మా అమ్మ యేసమ్మ ఏలూరు పెద్దాసుపత్రిలో తెల్లవారుజామున పోయింది. నేనింకా గొంతెత్తి ఏడవనైనా లేదు, సెల్‌ఫోను మోగింది. కొప్పులంక పెద్ద సూర్యప్రకాశరావు గారు. "ఎంత ఘోరం జరిగిపోయిందమ్మా పుష్పమ్మా! మీ అమ్మ మా ఊరి కోడలు. కార్యక్రమమంతా మేం చూసుకుంటాం, నువ్వేం దిగులు పెట్టుకోకు" అన్నాడు. ఆ ఫోను పెట్టానో లేదో నందిలంక పెద్ద చిట్టిబాబు గారు. "మా ఊరి ఆడపడుచమ్మా. మా చేతుల మీదుగా సాగనంపాలి" అన్నాడు. బతికున్నంతకాలం మా అమ్మ ఈ ఇద్దరి అరుగుల మీదా ఒక్కసారి కూర్చోలేదు. దాహమంటే దోసిట్లో పోశారు. చచ్చిన గంటకి ఇద్దరికీ చుట్టమైపోయింది. ఏడుపు ఆగిపోయి నాకు ఒళ్ళు మండింది.

నోరు నాకు మొదటినించీ ఎక్కువే. తాడేపల్లిగూడెం మార్కెట్లో చేపలమ్ముకునేదాన్ని, నోరు లేకపోతే గంపతో సహా ఎత్తుకుపోతారు. కానీ ఆ రోజు కోపం నోట్లోంచి కాదు, కడుపులోంచి వచ్చింది. ఎందుకో చెబుతాను.

కొల్లేటి మధ్యలో ఒక దిబ్బ ఉంది. దానికి అటు కృష్ణా జిల్లా నందిలంక, ఇటు పశ్చిమ గోదావరి జిల్లా కొప్పులంక. ఈ రెండూళ్ళలోనూ మా పేటవాళ్ళకి, అంటే చర్చికి పోయే కూలిజనానికి, శవాన్ని పాతిపెట్టుకోవడానికి జానెడు నేల ఇవ్వలేదు. పొలం గట్టు మీద వద్దన్నారు, చెరువు గట్టు మీద వద్దన్నారు. అందుకని మా తాతల నాటినించీ రెండు పేటలవాళ్ళమూ శవాన్ని దోనెలో వేసుకుని ఆ దిబ్బకే తీసుకెళతాం. ఊళ్ళో పెద్దలు దాన్ని పీనుగుల దిబ్బ అనేవాళ్ళు. వాళ్ళ దోనెలు దాని నీడ పడకుండా చుట్టూ తిరిగి వెళ్ళేవి.

రెండువేల ఆరులో సర్కారు వాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లన్నీ కొట్టేశారు. చెరువులతో బలిసినవాళ్ళు లబోదిబోమన్నారు. మరుసటేడు వానలకి నీళ్ళు కలిసిపోయాయి, దిబ్బ చుట్టూ కొరమీను, వాలుగ, ఇంగిలాయి దండిగా పడ్డాయి. దిబ్బ ఏ ఊరి పొలిమేరలో ఉంటే చుట్టూ నీళ్ళలో వల ఆ ఊరిది. అప్పుడు పెద్దలకి మా దిబ్బ గుర్తొచ్చింది. ఎక్కడో సముద్రంలో మనిషన్నవాడు లేని దీవి కోసం రెండు దేశాలు ఓడలేసుకుని దెబ్బలాడుకుంటున్నాయని పేపర్లో రాస్తారే, అచ్చం అదే. ఇక్కడ ఓడలు లేవు, దోనెలూ గడకర్రలూ. ఆ జూలైలో రెండు వైపులా తలలు పగిలాయి. పగిలిన తలల్లో పెద్దల తల ఒక్కటీ లేదు.

దిబ్బ మీద ఇల్లు లేదు, పంట లేదు. అది తమదేనని చూపించడానికి వాళ్ళకి ఉన్నవల్లా మా సమాధులే. ఇంకేం, దిబ్బకి దోనెలెక్కే రేవులో ఫ్లెక్సీలు లేచాయి. "మా పూర్వీకులు నిద్రించే పెద్దల దిబ్బ కొప్పులంకదే" అని సూర్యప్రకాశరావు గారు చేతులు జోడించిన ఫొటోతో ఒకటి. దానికెదురుగా చిట్టిబాబు గారిది, అవే మాటలు, ఊరి పేరొకటే తేడా. ముట్టుకుంటే మైలపడిపోయే మా తాతముత్తాతలు రాత్రికి రాత్రి వాళ్ళకి పూర్వీకులైపోయారు. సిగ్గూ శరం ఉన్నవాళ్ళు చేసే పనేనా అది?

మా అమ్మ పుట్టింది నందిలంకలో, మెట్టింది కొప్పులంకలో. అమ్మ పోయిన ఆ వారంలోనే సర్వేవాళ్ళు దిబ్బ చూడటానికి వస్తారట. కొత్త సమాధి ఏ ఊరి పేరున లేస్తే ఆ ఊరికి అంత బలం. అదీ వాళ్ళ దుఃఖం.

మా నాన్న ఆ దిబ్బ మీదే ఉన్నాడు. ఆసుపత్రి మంచం మీద అమ్మ నా చెయ్యి పట్టుకుని, "మీ నాన్న పక్కన కొంచెం జాగా అట్టేపెట్టించాను కదే. నన్నక్కడే పడుకోబెట్టండి. ఇంకెక్కడా వద్దు" అంది. జన్మలో అమ్మ నన్నడిగింది అదొక్కటే.

ఏలూరులో పెట్టె చేయించి, వ్యానులో రేవుకి తీసుకొచ్చాం. పేటవాళ్ళు రెండూళ్ళనించీ వచ్చారు. పాస్టరు గారు వచ్చారు. ఇటు సూర్యప్రకాశరావు గారి జనం, అటు చిట్టిబాబు గారి జనం, మధ్యలో ఎస్సై గారూ నలుగురు కానిస్టేబుళ్ళూ. పెట్టె దించి రేవు మెట్ల మీద పెట్టామో లేదో ఎస్సై గారు అడ్డం వచ్చారు.

"చూడమ్మా, హద్దు తేలేదాకా దిబ్బ మీద ఎవరూ కాలు పెట్టకూడదు. లేదా ఇద్దరూ ఒక మాట మీదికి రావాలి. కాదంటే వెనక్కి ఏలూరు తీసుకెళ్ళి పాతిపెట్టుకోండి."

"మా కోడలండీ. మేం తీసుకెళతాం" అన్నాడు సూర్యప్రకాశరావు గారు.

"ఆడపడుచండీ మాకు. పుట్టింటి చీర కూడా తెచ్చాం" అన్నాడు చిట్టిబాబు గారు.

ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి, అది కప్పాకే పెట్టె మూతకి మేకులు కొట్టాలి. అది మా పద్ధతి. ఆ చీర తేవాల్సినవాడు మా మేనమామ కృపావరం. చిట్టిబాబు గారి చెరువుల మీద కాపలా కాసి కాసి నడుం వంగిపోయినవాడు. చిట్టిబాబు గారి వెనకనించి తలొంచుకుని వచ్చాడు. చేతిలో జరీ అంచు పట్టుచీర, ఇంకా షాపు అట్టపెట్టెలోనే ఉంది.

"మావయ్యా, ఈ చీర నువ్వు కొన్నావా?" అన్నాను.

అట్టపెట్టె మూత గోటితో గీరుతూ నిలబడ్డాడు.

"నిన్నే అడుగుతున్నా. మా అమ్మ పెళ్ళికి నేతచీర పెట్టలేక గోడ చాటుకెళ్ళి ఏడ్చావంట. ఇవాళ పట్టుచీర ఎక్కడిదీ?"

"నేనేం చెయ్యనే అమ్మాయ్" అన్నాడు. "ఈ చీర కప్పితే నందిలంక శవమేనని రాసుకుంటారంట. కప్పకపోతే నన్ను లంకలో ఉండనివ్వరు."

మావయ్య మీద కోపం అక్కడితో పోయింది. అది మొత్తం వెళ్ళి పెద్దల మీద పడింది. ఎస్సై గారి ముందుకెళ్ళి నిలబడ్డాను.

"అయ్యా, ఆ ఫ్లెక్సీల మీద ఏం రాసుందో చదవండి. పూర్వీకులంట. దిబ్బ మీదున్నది మా నాన్న, మా తాత, మా ముత్తాత. వాళ్ళు ఈ బాబుగార్లకి పూర్వీకులైతే మా అమ్మ వీళ్ళకి అమ్మ వరసే కదండీ? మరి అమ్మ పెట్టె మెట్ల మీదుంది. దోనె అదిగో. వచ్చి భుజం పట్టమనండి. ఇద్దర్లో ఎవరు ముందు భుజం పడితే దిబ్బ వాళ్ళదే. నేనే సంతకం పెడతాను, మా పేట మొత్తం పెడుతుంది. రండి బాబుగారూ!"

సూర్యప్రకాశరావు గారు తెల్లచొక్కా సర్దుకున్నాడు. చిట్టిబాబు గారు కొల్లేటికేసి చూశాడు, అక్కడేదో కొంగని కొత్తగా చూస్తున్నట్టు.

"అదేంటమ్మా, దేని పద్ధతి దానిది. మా కుర్రాళ్ళని పంపిస్తాం..." అన్నాడు సూర్యప్రకాశరావు గారు.

"కుర్రాళ్ళెందుకండీ? ఫ్లెక్సీ మీద కుర్రాళ్ళ ఫొటో వేసుకున్నారా? చేతులు జోడించింది మీరేగా!"

ఆయన వెనకనించి ఎవడో ఉండబట్టలేక అరిచాడు. "ఏవే, నోరు లేస్తోంది! పెద్దాయన మీ పీనుగుని ముట్టుకుంటాడా ఎక్కడైనా?"

ఎస్సై గారు ఆ మాటన్నవాడికేసి చూసి, తర్వాత ఫ్లెక్సీకేసి చూసి, తర్వాత సూర్యప్రకాశరావు గారికేసి చూశారు. "విన్నారు కదండీ" అన్నాను. "మా శవాలు కావాలి, మేం అక్కర్లేదు. మా ఎముకలు చూపించి చేపలు పట్టుకుంటారంట. థూ!"

"భలేదానివే, నా ఉద్యోగం ఊడబీకుతావా ఏంటమ్మా" అని ఎస్సై గారు టోపీ తీసి తల గోక్కున్నారు. పక్కకి జరిగి నిలబడ్డారు. "కానివ్వండి. చీకటి పడకముందే తిరిగి వచ్చెయ్యండి."

అప్పుడు మావయ్య కదిలాడు. అట్టపెట్టె తీసుకెళ్ళి చిట్టిబాబు గారి కాళ్ళ దగ్గర, మట్టిలో కాదు, శుభ్రమైన గట్టు మీదే పెట్టాడు. మావయ్యకి అంత భయం. తిరిగొచ్చి తన భుజం మీది తువ్వాలు తీశాడు. చేపల నీచు వాసనకొట్టే పాత గళ్ళ తువ్వాలు. దాన్ని మా అమ్మ మీద ముఖందాకా కప్పి, "అక్కా, పుట్టింటిదే ఇది" అని కూలబడిపోయాడు. నేను అప్పుడేడ్చాను, తెల్లవారుజామున ఏడవాల్సినదంతా.

మేకులు కొట్టించాం. ముందు భుజం నాది, రెండోది మావయ్యది, వెనక రెండు పేటలవాళ్ళూ. నందిలంక దోనె, కొప్పులంక గడ. మా నాన్న పక్కన జాగా అట్టేపెట్టించిన చోటే దింపాం. పాస్టరు గారి ప్రార్థన అయ్యేసరికి సన్నగా చినుకులు మొదలయ్యాయి.

తిరిగి రేవుకొచ్చేసరికి సూర్యప్రకాశరావు గారి మనుషులు బిందెలతో నీళ్ళు పోసి మెట్లు కడుగుతున్నారు. పెట్టె దించిన చోటే. పసుపు నీళ్ళు కూడా చల్లారు. వాళ్ళ నెత్తి మీదే "మా పూర్వీకులు" అని అంతంత అక్షరాలు. నాకు మాటలు అయిపోయాయి. దోనెలో ఉన్న చాకు తీసుకుని, ఫ్లెక్సీ తాళ్ళు కోసి, చాప చుట్టినట్టు చుట్టి చంకలో పెట్టుకుని వ్యానెక్కాను. ఎస్సై గారు చూశారు, చూడనట్టు ఊరుకున్నారు.

దిబ్బ ఎవరిదో ఈ రోజుకీ తేలలేదు. పెద్దలు మాత్రం కొత్త ఫ్లెక్సీలు కట్టారు. వాటి మీద పూర్వీకులు లేరు, చేప బొమ్మలున్నాయి.

పాతది నా దగ్గరుంది, గట్టి సరుకు. గూడెం మార్కెట్లో దాన్ని పరిచి, దాని మీదే చేపలు కోస్తాను. జోడించిన చేతుల మీద కొరమీను పొలుసు పడుతుంటుంది. మొన్న ఒక మేష్టారు గారు మూరెడు పొడుగు వాలుగని బేరమాడుతూ వంగి చూశారు.

"ఎవరమ్మా ఈ ఫొటోలో పెద్దమనిషి? మీ వాళ్ళా?"

"ఆయ్, మా చుట్టమేనండి" అన్నాను, చేప తల నరుకుతూ. "ముట్టుకోరంతే."