డిక్షనరీ ఎవరికమ్మా?

“సాటియైన సహాయమా, రొన్ని నీళ్ళు తే,” అన్నాడు శాంసన్, చెప్పులు వాకిట్లో విడిచి కుర్చీలో వాలుతూ.

పెళ్ళయిన కొత్తలో ఆ పిలుపుకు ఫెబాకు నవ్వొచ్చేది. బైబిల్లో మొదటి స్త్రీ గురించి చెప్పిన మాట కదా, మొగుడు గౌరవంగానే పిలుస్తున్నాడనుకునేది. తర్వాత తర్వాత ఆ మాట వెనకాలే ఏదో ఒక పని వస్తుందని చెవులకు అలవాటైపోయింది. ఫెబా ఆళ్ళగడ్డలో ఒక ప్రైవేటు బడిలో రెండో తరగతికి పాఠాలు చెబుతుంది. ఆయనా టీచరే, ప్రభుత్వ బడిలో. ఇద్దరూ ఇంచుమించు ఒకే వేళకు ఇల్లు చేరతారు. ఆయన చేరేది కుర్చీకి, ఆమె చేరేది పొయ్యికి. “మగోడు అలిసొచ్చినాడు, బేగా తే మ్మే,” అని అత్త హన్నమ్మ గడప దగ్గర నుంచి అందుకునేది. తనూ అలిసే వచ్చానని ఫెబా ఎన్నడూ అనలేదు. అలసట కూడా ఆ ఇంట్లో ఒకరికే ఉన్నట్టుండేది.

శాంసన్ చర్చి సంఘంలో పెద్ద. నెలకోసారి జరిగే స్త్రీల కూడికలో ఫెబా మాట్లాడాలి. మాట్లాడటమంటే, ఆయన రాసిచ్చింది చదవడం. కిందటి కూడికలో అలాగే నిలబడి, స్త్రీ సహాయంగా చేయబడింది గనుక ఇంటికి ఒద్దికగా సేవ చేయాలని చదివింది. మిరప కోతలకు పోయే దానమ్మ ముందు వరసలోంచి అడిగింది.

“సహాయమంటే కూలి లేని పనా, ఫెబమ్మా?”

అందరూ నవ్వారు. ఫెబా కూడా నవ్వింది. నవ్వు అయిపోయాక చేతిలోని కాగితం వైపు చూసుకుంది. చేతిలో ఉన్న మాటలు తనవైతే కదా, వాటి అర్థం తనకు తెలియడానికి.

ఆ సాయంత్రమే శాంసన్ని అడిగింది. “ఆ మాట హెబ్రీలో ఏముందో చూడాలంటే ఎట్లా?”

“దానికి డిక్షనరీలుంటాయి. పాత నిబంధనకు హెబ్రీది, కొత్త నిబంధనకు గ్రీకుది. అవి పాస్టర్లు చూసుకునేటివి. నీకేం పని?” అన్నాడాయన, మామూలుగానే, కోపమేం లేకుండా.

నీకేం పని అన్న మాట ఫెబాను ఆ వారమంతా వదల్లేదు. గిన్నెలు తోముతుంటే, బడిలో పిల్లల చేత ఎక్కాలు చదివిస్తుంటే, అత్త మోకాళ్ళకు నూనె రాస్తుంటే, తనకేం పనో, తనకున్న పనులన్నీ ఎవరు నిర్ణయించారో అనుకుంటూనే ఉంది. శనివారం బడి ఒంటిపూట. ఇంటికి రాకుండా అటునుంచి అటే నంద్యాల బస్సెక్కింది. దారిలో శిరివెళ్ళ దాటేదాకా తెలిసినవాళ్ళెవరైనా ఎక్కుతారేమోనని బస్సు తలుపు వైపే చూసింది. దాటాక, కిటికీ పక్కన ఊరికే కూర్చుని ఎన్నాళ్ళయిందో గుర్తుకొచ్చి హాయిగా అనిపించింది.

నంద్యాలలో క్రైస్తవ పుస్తకాల షాపు పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

“డిక్షనరీ ఎవరికమ్మా? పాస్టరు గారికా?”

“నాకే.”

“సండే స్కూలు పుస్తకాలు ఈ పక్కనుండాయి.”

“నాకు హెబ్రీ, గ్రీకు మాటలవి కావాల. నాకు ఆ అక్షరాలు రావు. ఇంగ్లీషు చదవగలను.”

ఆయన ఆమెను ఒకసారి చూసి, మూడు పుస్తకాలు తెచ్చి బల్లమీద పెట్టాడు. ఏది మంచిదని ఫెబా అడగలేదు. ఒకే మాటను మూడింటిలోనూ వెతుకుదామనుకుంది. సహాయం.

అన్నిటికంటే లావుపాటిది తెరిస్తే మాటలన్నీ హెబ్రీ అక్షరాల వరసలో ఉన్నాయి. ఆ అక్షరాలు తెలిస్తే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. సన్నటిదాంట్లో దొరికింది గానీ, సహాయం అంటే సహాయం అని ఒక్క ముక్కలో తేల్చేసింది. మూడోదాంట్లో ఇంగ్లీషు బైబిల్లోని ప్రతి మాటా, అది వచ్చిన ప్రతి వచనమూ వరసగా ఉన్నాయి. ఒక్కోదాని పక్కన ఒక నంబరు. ఆ నంబరు పట్టుకుని వెనక పేజీలకు పోతే అసలు మాట, పలికే తీరు, అర్థం. హెబ్రీకి ఒక భాగం, గ్రీకుకు ఒక భాగం.

ఏజెర్. ఫెబా పెదాలు కదిపి పలికి చూసింది.

తర్వాత అదే నంబరు ఇంకెక్కడెక్కడ ఉందో వేలు పెట్టి కిందికి దిగుతూ వచ్చింది. చాలా చోట్ల అది దేవుడి గురించి. ఆపదలో ఆదుకునే దేవుడే ఆ సహాయం. కొన్ని చోట్ల యుద్ధంలో తోడొచ్చే బలగం. మంచినీళ్ళందించే మనిషి ఎక్కడా కనబడలేదు. ఫెబాకు షాపులోనే నవ్వొచ్చింది.

“ఏమైందమ్మా?”

“ఏం లేదన్నా. ఇది కట్టివ్వండి. ఆ లావుది అక్షరాలు నేర్చుకున్నాక వచ్చి తీసుకుంటా.”

తిరుగు బస్సులో ముందుమాట చదివింది. ఒక మాటకున్న అర్థాలన్నీ తెచ్చి ఒకే వాక్యం మీద కుమ్మరించవద్దు, వాక్యాన్ని చూసి అర్థం తేల్చుకోండి అని అందులో ఉంది. ఫెబా దాని గురించి చాలాసేపు ఆలోచించింది. ఈ మాటను చూపించి ఆడది దేవుడంతటిదని చెప్పకూడదు. కానీ తక్కువదని చెప్పడానికీ ఈ మాట పనికిరాదు. దానమ్మకు అంతవరకు చెప్పొచ్చు, నిజాయితీగా.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టేశారు. శాంసన్ పుస్తకాన్ని చేత్తో తూచి చూశాడు. “ఇంత లావుది నువ్వెప్పుడు చదువుతావు? నన్నడిగితే చెప్పనా?”

“అడిగినా గదా. నీకేం పని అంటివి.”

ఆయన పేజీలు అటూ ఇటూ తిప్పాడు. ఎటునుంచి వెతకాలో తోచక ఆమె వైపే జరిపాడు. ఫెబా వచనం దగ్గర నుంచి నంబరుకు, నంబరు నుంచి మాటకు వేలితో చూపించుకుంటూ తీసుకుపోయింది. ఆయన రెండుసార్లు చదివి తల గోక్కున్నాడు. “అట్లయితే నేను ఇన్నాళ్ళూ రాసిచ్చింది...”

“ఇంగ నేను రాసుకుంటాలే,” అంది ఫెబా.

హన్నమ్మ గడప దగ్గర నుంచి లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి మంచం మీద కూర్చుంది. “అండ్ల పేర్లు గూడా ఉంటాయా? నా పేరు జూడు.”

వెతకడానికి కొంచెంసేపు పట్టింది. “కృప అంట అత్తా. దయ.”

హన్నమ్మ ఆ అక్షరాల మీద చెయ్యి ఆనించింది. ఆమెకు చదువు రాదు. “మీ మామ బతికినన్నాళ్ళు ఒసేయ్ అనే పిలిచె,” అంది. “నాకింత మంచి పేరుండాదని యెవరూ చెప్పల్యా.” కొడుకు వైపు తిరిగింది. “శాంసనూ, రేపట్నుంచి మాపటి కూడు నువ్వూ నేనూ జూస్తాం. ఫెబా ఆ యాళకు పుస్తకం ముందర కూసోనీ. దినానికొక మాట నాకు జెప్పాల.”

శాంసన్ తల్లిని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. “నాకు అన్నం వండేది రాదు మా,” అన్నాడు.

“ఆ పిల్లకు మాత్రం ముందే హెబ్రీ వచ్చునా?” అంది హన్నమ్మ.

వద్దులే అత్తా, నేను చేసుకుంటా అన్న మాట అలవాటుగా ఫెబా నోటిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపేసి, సరే అత్తా అంది.