పదిహేడో నంబరు చేప

"మీ పరిశోధన గురించి ఐదువందల మాటలకు తగ్గకుండా రాయండి" అని దరఖాస్తులో ఉన్నచోట ఎర్మెలిండా బెయ్‌సాగా రెండే వాక్యాలు రాసి పంపింది. "నా దగ్గర ఇరవై నాలుగు చేపలున్నాయి. వాటిలో పదకొండింటికి కళ్ళు లేవు, అవి ఎలా పోయాయో తెలుసుకోవాలి."

కోచబాంబాలో ఒక చిన్న మ్యూజియంలో సీసాల్లో చేపల్ని భద్రపరిచే పని ఆమెది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పట్టడం, కొలవడం, లేబుల్ రాయడం, సారా ఆవిరైపోతే మళ్ళీ నింపడం. డాక్టరేటు లేదు. జన్యువుల లెక్కలు కంప్యూటర్లో ఎలా చేయాలో పరిశోధకులకు పది రోజులు నేర్పుతారని విశ్వవిద్యాలయం ప్రకటన వేస్తే, మ్యూజియంలో అందరికన్నా ముందు దరఖాస్తు పెట్టింది ఆమే. డైరెక్టరు ముక్కున వేలేసుకున్నాడు. "అక్కడికొచ్చేవాళ్ళంతా చదువుకున్న కుర్రాళ్ళు, ఎర్మె. యాభై రెండేళ్ళ వయసులో నీకెందుకీ తిప్పలు?" అన్నాడు. సీటు వచ్చిందన్న ఉత్తరం చూపించిన రోజున మాత్రం ఆయనే సీసాల గదికి వచ్చి చేయి కలిపి వెళ్ళాడు.

వర్క్‌షాప్ వాళ్ళు ముందుగానే నమూనాలు పంపమన్నారు. ఆమె ఒక్కో చేప రెక్క నుంచి గోరంత ముక్క కోసి, ఇరవై నాలుగు బుల్లి గొట్టాల్లో పెట్టి పంపింది. ఆ ముక్కల్లోని డీఎన్ఏని అక్షరం అక్షరం చదివించి, తరగతులు మొదలయ్యేనాటికి కంప్యూటర్లో పెట్టి ఉంచారు. తన చేపలు అక్షరాలైపోయి తనకోసం ఎదురుచూస్తున్నాయన్న ఊహకే ఎర్మెలిండా మొదటిరోజు ఉదయం రొట్టె సగంలో వదిలేసి బయల్దేరింది.

తరగతిలో ముప్ఫై మంది. పక్క కుర్చీలో పెరూ నుంచి వచ్చిన యదీరా, ఇరవై ఏడేళ్ళ పిల్ల, అడవి కోకో చెట్ల మీద పని చేస్తోంది. క్షణం నోరు మూతపడదు. పాఠం చెప్పేది ఉరుగ్వే నుంచి వచ్చిన తోబియాస్ ఎచెబెర్రియా. ముప్ఫై నాలుగేళ్ళుంటాయేమో. చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతే అనే ఆకుల కషాయం పీల్చే బుర్ర లేకుండా మనిషిని ఎవరూ చూడలేదు. వచ్చీరాగానే అందరిచేతా కంప్యూటర్లో ఒక నల్లటి తెర తెరిపించాడు. బొమ్మల్లేవు, బొత్తాల్లేవు. మాట రాస్తే పని చేస్తుంది, తప్పు రాస్తే తప్పంటుంది.

మొదటి రోజు ఆ తెర ఎర్మెలిండాని పద్నాలుగు సార్లు తప్పంది.

"ఖాళీ పెట్టలేదు దోన్యా ఎర్మె! ఆ రెండు మాటల మధ్య ఖాళీ!" అంది యదీరా.

"ఖాళీకి కూడా ఇంత పట్టింపా దీనికి? మా అత్తగారే నయం."

"మీ అత్తగారు కనీసం ఎందుకు తప్పో చెప్పేది కదా!"

"ఎక్కడ చెప్పింది! ముప్ఫై ఏళ్ళు చూపుతోనే చంపింది." ఇద్దరూ పగలబడి నవ్వేసరికి ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగారు.

అయితే సీసాకి లేబుల్ రాసేవాళ్ళకి అక్షరం మీద ఉండే శ్రద్ధ ఊరికే పోదు. ప్రతి ఆదేశాన్నీ ఆమె నోటుపుస్తకంలో ఎక్కించుకుంది, ఏది దేనికో పక్కనే రాసుకుంది. నాలుగో రోజుకి తెర తిట్టడం మానేసింది. ఐదో రోజున ఇరవై నాలుగు చేపల్లోంచీ కావలసిన ఒక్క జన్యువుని బయటికి లాగి వరసగా పేర్చడం నేర్పితే, క్లాసులో అందరికన్నా ముందు ముగించి, యదీరాకి సాయం చేసింది. ఇంటికి వెళ్ళేటప్పుడు కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆరో రోజు వంశవృక్షాలు గీయాలి. ఏ చేపకి ఏ చేప దగ్గర చుట్టమో అక్షరాల్లో తేడాలు లెక్కేసి యంత్రమే కొమ్మలు కొమ్మలుగా గీసిపెడుతుంది. ఎర్మెలిండా ఆదేశం రాసి, శిలువ గుర్తు వేసుకుని, మీట నొక్కింది. సరిగ్గా అప్పుడే వరండాలోకి సాల్తేన్యాలు వచ్చాయని కేక వినబడింది. లోపల మాంసం, రసం నిండిన కజ్జికాయలాంటి వేడి వేడి సాల్తేన్యా అంటే ప్రాణమైనా, ఆమె కదల్లేదు.

కొమ్మలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. గుడ్డిచేపలు పది ఒక్క గుత్తిగా, కొండకి పడమటి వాగులో పట్టిన కళ్ళున్న చేపల పక్కన కూర్చున్నాయి. పదకొండోది వాటితో లేదు. తెర కిందికంటా వెతికితే తూర్పు వాగులోని కళ్ళున్న చేపల నడుమ, సొంతింట్లో ఉన్నంత ధీమాగా ఉంది. నంబరు పదిహేడు.

"ప్రొఫె! ఒక్కసారి ఇటు రండి!"

తోబియాస్ చేతిలో సాల్తేన్యాతోనే వచ్చాడు. అది తినే పద్ధతి అతనికింకా పట్టుబడలేదు. కొరకగానే లోపలి రసమంతా మోచేతి దాకా కారింది. చొక్కాకి తుడుచుకుంటూ తెరలోకి తొంగి చూసి, పెదవి విరిచాడు.

"మిగతాదంతా అద్భుతంగా వచ్చింది సెన్యోరా. ఆ పదిహేడు మాత్రం లేబుల్ మారిపోయి ఉంటుంది. కళ్ళున్న చేప ముక్క గుడ్డిచేప గొట్టంలో పడింది. ఇది మామూలే, ప్రతిచోటా జరుగుతుంది. దాన్ని తీసేసి మళ్ళీ గీయండి."

"లేబుల్ రాసింది నేనండీ."

"అందరూ అదే అంటారు" అని అతను నవ్వాడు. చెడ్డగా నవ్వలేదు. కానీ ఆ నవ్వు ఎర్మెలిండాకి ఎక్కడో గుచ్చుకుంది. ఇరవై రెండేళ్ళలో ఎనిమిది వేల లేబుళ్ళు రాసింది. ఒక్కదానికీ ఎవరూ వేలెత్తి చూపలేదు.

"తీసెయ్యను. మధ్యాహ్నం దాకా ఆగండి" అంది.

భోజనాల గంట కొట్టగానే ట్రూఫీ, అంటే ఊళ్ళో తిరిగే షేర్ వ్యాను, ఎక్కి మ్యూజియానికి పరిగెత్తింది. పాత వేట పుస్తకం తీసి, తొమ్మిదేళ్ళ కిందటి పుట తిప్పింది. తన చేతిరాతే. "నం. 17. కొండకి తూర్పున చిన్న గుహ. గంటసేపు బోర్లా పడుకుంటే దొరికింది. ఒక్కటే. కళ్ళు లేవు." మిగతా పదీ పడమటి వైపు పెద్ద గుహలోవి. పుస్తకాన్ని కంప్యూటర్లోకి ఎక్కించినవాళ్ళు పదకొండింటికీ ఒకే మాట కొట్టేశారు, 'గుహ' అని. తనూ ఆ కంప్యూటరు జాబితానే చూసి ముక్కలు పంపింది! ఎంత పప్పులో కాలేసింది!

సీసాలు గడప దాటకూడదన్నది మ్యూజియం నియమం, రాసింది కూడా ఆమే. ఆ మధ్యాహ్నం ఆ నియమాన్ని పక్కన పెట్టి, పదిహేడో సీసాని శాలువాలో చుట్టి సంచిలో దాచి, మళ్ళీ ట్రూఫీ ఎక్కింది. దారిలో గతుకులకి మూత కాస్త వదులైనట్టుంది, బండంతా సారా వాసన కొట్టింది.

"పట్టపగలే సింగానీ పట్టించి బండెక్కిన మహారాజెవరయ్యా?" అన్నాడు డ్రైవరు అద్దంలో చూస్తూ.

"నేనే నాయనా. నువ్వు తొందరగా పోనీ" అంది ఎర్మెలిండా. బండిలో అందరూ గొల్లుమన్నారు.

క్లాసు మొదలైపోయింది. ఆమె తిన్నగా ముందుకి నడిచి వెళ్ళి, తోబియాస్ బల్ల మీద మాతే బుర్ర పక్కన సీసా పెట్టింది.

"చూడండి. దీనికి కళ్ళున్నాయా?"

అతను సీసా ఎత్తి వెలుతురులో తిప్పి చూశాడు. వేలంత చేప, పాలలా తెల్లగా ఉంది. కళ్ళుండాల్సిన చోట చర్మం నున్నగా మూసుకుపోయింది.

"లేవు. కానీ సెన్యోరా, సీసాలో చేప సరైనదే కావచ్చు. మీరు పంపిన గొట్టం మా దగ్గరో, చదివినవాళ్ళ దగ్గరో మారి ఉండొచ్చుగా? సీసా చూసి అది తేల్చలేం."

మాట నిజమే. క్లాసంతా ఆమె వైపే చూస్తోంది. ఎర్మెలిండాకి ఒక్క క్షణం సీసా తీసుకుని వెనక్కి వెళ్ళిపోదామనిపించింది. అంతలో నిన్న నేర్చుకున్నది మెరుపులా తట్టింది.

"ప్రొఫె, ఆ గొట్టంలో పడింది కళ్ళున్న చేప ముక్కే అయితే, దాని కంటి జన్యువు చక్కగా ఉండాలి. అవునా?"

తోబియాస్ మాతే పీల్చబోయినవాడు ఆగిపోయాడు. "అవును" అన్నాడు నెమ్మదిగా. తర్వాత గొంతు పెంచి, "అవును! రండి, ఇక్కడ కూర్చోండి. మీరే రాయండి, అందరం చూద్దాం" అని తన కుర్చీ లాగి ఇచ్చాడు.

గోడ మీద పెద్ద తెర వెలిగింది. ముప్ఫై మంది కుర్చీలు చరచరా ముందుకు జరిగాయి. ఎర్మెలిండా నోటుపుస్తకం తెరవకుండానే ఆదేశం రాసింది. కంటికటకం తయారీకి కావలసిన జన్యువు ఇరవై నాలుగు చేపల్లోంచీ వచ్చి, ఇరవై నాలుగు వరసలుగా ఒకదాని కింద ఒకటి నిలబడింది. కళ్ళున్న పదమూడు వరసలూ ముత్యాల్లా ఉన్నాయి. పెద్ద గుహ చేపలు పదింటిలోనూ ఒకేచోట రెండక్షరాలు ఎగిరిపోయాయి. అక్షరాల్ని మూడేసి చొప్పున చదువుకునే ఆ భాషలో రెండు పోతే, ఆ తర్వాతి మాటలన్నీ గోలగోలే. ఇక ఆ జన్యువు పని చెయ్యదు.

పదిహేడో వరసలో ఆ చోట అక్షరాలు రెండూ భద్రంగా ఉన్నాయి.

"అయ్యో" అని వెనకనించి ఎవరో నిట్టూర్చారు. "కళ్ళున్నదే."

"ఇంకా జన్యువు అయిపోలేదు" అంది ఎర్మెలిండా. వరసల్ని కుడివైపుకి జరుపుకుంటూ పోయింది. నలభై అక్షరాలు. ఎనభై. నూట ఇరవై.

"అదిగో!" యదీరా కుర్చీ ఎక్కేసింది. "దోన్యా ఎర్మె, అదిగో, అదిగో!"

పదిహేడో వరసలో ఏడక్షరాలు లేవు. మిగతా ఏ వరసలోనూ లేని ఖాళీ, ఆ ఒక్కదానిలోనే, పన్ను ఊడిన నోరులా.

తోబియాస్ కీబోర్డు మీదికి వంగాడు. "ఆగండి, ఆగండి. చదవడంలో పొరపాటేమో చూడనివ్వండి. ఈ చోటుని యంత్రం ఎన్నిసార్లు చదివింది? నలభై ఒక్కసార్లు." తెర పైనుంచి కిందికి వేలితో లెక్కపెట్టాడు. "నలభై ఒక్కసార్లూ ఇదే ఖాళీ. అబ్బా! ఇది నిజం!"

"అంటే ఏంటండీ?" అన్నాడు వెనక వరస కుర్రాడు.

జవాబు ఎర్మెలిండా చెప్పింది, లేచి నిలబడి. "ఈ గుడ్డిచేపలన్నీ అన్నదమ్ములని ఇన్నాళ్ళూ అనుకున్నాం. కావు. పడమటి వాగు చేపలు పెద్ద గుహలోకెళ్ళి కళ్ళు పోగొట్టుకున్నాయి. తూర్పు వాగు చేపలు చిన్న గుహలోకెళ్ళి, వేరేగా, వేరే చోట విరిగి, కళ్ళు పోగొట్టుకున్నాయి. చీకటి ఒక్కటే. పోవడం మాత్రం రెండుసార్లు పోయాయి!"

క్లాసు దద్దరిల్లింది. చప్పట్లు, బల్లల మీద చరుపులు. యదీరా కుర్చీ మీంచి దూకి వాటేసుకుంటే ఇద్దరూ పడబోయి సీసాని పట్టుకుని నిలదొక్కుకున్నారు. గోల తగ్గాక తోబియాస్ అందరి ముందూ అన్నాడు: "తీసెయ్యమన్నది నేను. తప్పు నాది సెన్యోరా. మీరు నా మాట విని ఉంటే ఈపాటికి ఇది చెత్తబుట్టలో ఉండేది."

"మీరు అడ్డం తిరక్కపోతే నేను జన్యువు దాకా వెళ్ళేదాన్నీ కాదు" అంది ఆమె. మొహం చేటంతైంది. "ఇదిగో ప్రొఫె, మీరా సాల్తేన్యా కొరకడం నేర్చుకుంటే ఇద్దరం సమానం."

ఒక్క చేపతో సాక్ష్యం నిలవదని ఇద్దరికీ తెలుసు. వర్క్‌షాప్ ముగిసిన ఆదివారం నాడు ఎర్మెలిండా, తోబియాస్, తిరుగు ప్రయాణం రెండు రోజులు వాయిదా వేసుకున్న యదీరా కొండకి వెళ్ళారు. కొండ కింద ఊళ్ళో మేకలు కాసుకునే దోన్ సెవేరో తాడు పట్టుకుని చిన్న గుహలోకి దింపాడు. తోబియాస్ మొదటి మలుపు దగ్గరే గోడకి కరుచుకుపోయాడు. చదును నేల మనిషి, ఫ్లాస్కు మాత్రం వదల్లేదు.

"ప్రొఫె, కింద చూడకండి, నా వీపు చూడండి" అని ముందుకి పాకింది ఎర్మెలిండా. లోపల మడుగు పక్కన బోర్లా పడుకుని, నీళ్ళలోకి వల దించి, దీపం ఆర్పించింది. చాలాసేపు నీటిబొట్ల చప్పుడే. తర్వాత మెల్లగా, "వెలిగించు పిల్లా" అంది. వలలో నాలుగు తెల్లటి చేపలు తళతళలాడుతున్నాయి. యదీరా పెట్టిన కేకకి గుహ మూడుసార్లు బదులు పలికింది. ఒక్కోదాని రెక్క నుంచి చిటికెడు కోసుకుని, నాల్గింటినీ మళ్ళీ నీళ్ళలోకి వదిలేశారు.

ఆగస్టులో ఆ ముక్కల అక్షరాలు చదివినవాళ్ళ నుంచి కబురొచ్చింది. ఆ రోజు రోడ్ల దిగ్బంధం, మ్యూజియంలో ఆమె తప్ప ఎవరూ లేరు. నాల్గింటిలోనూ అవే ఏడక్షరాలు లేవు. తెర ముందు నిలబడి ఎర్మెలిండా కేక పెట్టింది, వినేవాళ్ళు లేక ఫోను తీసి దోన్ సెవేరోకి చేసింది. అంతా గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

ముసలాయన శ్రద్ధగా విన్నాడు. వెనకాల మేకల అరుపులు.

"ఆ రెండు వాగులూ ఎక్కడా కలవవు కదమ్మా" అన్నాడు చివరికి. "వాగులే కలవనప్పుడు చేపలెలా కలుస్తాయి? నన్నడిగితే ఆనాడే చెప్పేవాణ్ణి."

"ఏం చెప్పేవాడివయ్యా! ఆ ఏడక్షరాల సంగతి నీకు తెలుసా?"

"తెలీదు. ఈసారి వచ్చినప్పుడు చూపించు."

"చూపిస్తాను" అంది ఎర్మెలిండా నవ్వుతూ. "రేపు దారులు తెరిస్తే రేపే వస్తాను, ఉండు."