బోర్లించిన ట్రేలు

ఆ పొద్దు సముద్రం మీద మబ్బు కదలకుండా నిలబడింది. చినుకు రాల్లేదు, ఎండా రాలేదు. ముత్తుకూరు దాటాక మా రొయ్యల షెడ్డు. అందులో నేను ఐసు మోసేవాణ్ణి. భుజం మీద బరువున్నా కళ్ళు ఖాళీగానే ఉంటాయి. అందుకే రొయ్యలేరే పోలేరమ్మ వేలు చూశాను.

ఆమెకు ముప్పై ఏళ్ళు. బుద్ధి ఎదగలేదని ఊరంతా అంటుంది. కానీ రొయ్య పెద్దదో చిన్నదో, మెత్తబడిందో లేదో ముట్టుకుంటే చాలు, ఆ చేతికి తెలిసిపోతుంది. ఆమె ఏరిన ట్రే ఒక్కటీ వెనక్కి రాలేదు. ఒకటే అలవాటు. పని మొదలుపెడితే తనంతట తాను ఆపదు. ముందున్న ట్రే ఎవరైనా బోర్లిస్తేనే లేస్తుంది. మొదట్లో రోజూ గంట కొట్టగానే ట్రే బోర్లించేది ఆ బల్లకు పెద్దయిన సాహిరా.

కంట్రాక్టరు గిరిబాబు అది కనిపెట్టాడు. మూడు నెలలుగా సాహిరాను బోర్లించనీకుండా, ఒక ట్రే ఖాళీ కాకముందే ఇంకో ట్రే పెట్టిస్తున్నాడు. అందరూ బస్సెక్కి వెళ్ళిపోయినా పోలేరమ్మ ఐసులో చేతులు పెట్టుకుని కూర్చునేది. సగం కూలి. గ్లౌజులు లేవు. రొయ్య ముల్లు గుచ్చుకుని కుడి చూపుడు వేలు నల్లబడింది.

ఆరోజు చెన్నై నుంచి సరుకు కొనేవాళ్ళు వచ్చారు. గిరిబాబు పోలేరమ్మ పమిటతోనే ఆమె కళ్ళకు గంతలు కట్టాడు.

"చూడండి సార్. సెలవడగదు, ఎదురు చెప్పదు, యూనియనంటే తెలీదు. ఇట్టాంటోళ్ళని పెట్టుకుంటే ఎంత లాభమో! వచ్చే వారం ఇంకో పదిమందిని దింపతన్నా."

వాళ్ళు నవ్వుతూ ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. గంతల కింద ఆమె ఏరుతూనే ఉంది.

టీ వేళకు షెడ్డు వెనక ఆడవాళ్ళు మూగారు.

"పదిమందొస్తే మనలో పదిమంది ఇంటికే," అంది మదార్‌బీ. "ఈ పిచ్చిదాని వల్లే మన నోట్లో మన్ను. ముందు దీన్ని తరమండబ్బా!"

"మన బల్ల ట్రేలు వెనక్కి రాలేదని బోనసు తిన్నావే, అది ఎవరి వేలక్కా?" అంది సాహిరా.

మదార్‌బీ టీ గ్లాసు కింద పెడుతుంటే సాహిరా మళ్ళీ అందుకుంది.

"నేనూ తిన్నా. గంట కొట్టంగానే దాన్నట్టే వదిలేసి బస్సెక్కినా. లాభం ఆ చేతిదైతే కూలి సగమెట్టా అయింది? దానికి సగమిచ్చినోడు రేపు నీకు మాత్రం నిండుగా ఇస్తాడా?"

మదార్‌బీ లోపలికి పోయి తన గ్లౌజు తీసి పోలేరమ్మ చేతికి తొడగబోయింది. వాచిన వేలు దగ్గర గ్లౌజు ఆగింది. పోలేరమ్మ అరిచింది. మూడు నెలల్లో ఆమె గొంతు వినడం అదే మొదలు.

"ఏందిమే నాటకాలు? ఐసు పొయ్‌రా!" గిరిబాబు నన్ను అదిలించాడు.

నేను గంప కింద పెట్టాను.

సాహిరా నిండు ట్రే ఎత్తి బోర్లించింది. రొయ్యలు నేల మీద జారాయి. పక్క బల్ల మీద ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి. నలభై ట్రేలు బోర్లపడ్డాయి. పోలేరమ్మ అటూ ఇటూ చూసి లేచి నిలబడింది.

గిరిబాబు సాహిరా చెంప పగలగొట్టాడు. అరగంటలో పోలీసులు వచ్చారు. సరుకు పాడుచేసిందని సాహిరానే జీపెక్కించారు.

మర్నాడు ఆస్పత్రిలో పోలేరమ్మ వేలు తీసేశారు. ఆ మర్నాడు ఆమె కట్టుతో వచ్చేసరికి మేమంతా గేటు ముందు కూర్చుని ఉన్నాం. సాహిరా బయటికి రావాలి, పోలేరమ్మకు నిండు కూలి కావాలి. అప్పటిదాకా లోపలికి పోయేది లేదు.

గేటు తెరుచుకుంది. వాచ్‌మన్ హజరత్తయ్య తల వంచుకుని వచ్చి, నిండు ట్రే పోలేరమ్మ ముందు పెట్టాడు.

"ఏం చేసేదమ్మా, ఆయన పంపినాడు. ఇంకా తొమ్మిది వేళ్ళున్నాయి గదా అన్నాడు."

ఆమె ఎడమ చెయ్యి ఐసులోకి పోయింది. ఒక రొయ్యను తీసి పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. మదార్‌బీ లేవబోయి ఆగింది.

పోలేరమ్మ కట్టు కట్టిన చేతిని చూసుకుంది. గేటు వైపు చూసింది. ట్రే అంచు పట్టుకుని తానే బోర్లించింది.

మదార్‌బీ ఆ ట్రే వీపు మీద తన సద్ది మూట విప్పింది. ఒక్కొక్కరం మా గిన్నెలు తెచ్చి పెట్టాం. హజరత్తయ్య కూడా గేటు వదిలి వచ్చి కూర్చున్నాడు. మదార్‌బీ ముద్ద కలిపి పోలేరమ్మ ఎడమ చేతిలో పెట్టింది. అందరం తిన్నాం.